లేనట్టా, కనబడనట్టా?

1988 జూలై 4వ తేదీన మన బస్సు డిపోలోని పోయిన వస్తువుల విభాగంలో గుమాస్తాగా చేరిన పెద్దాయన తత్త్వశాస్త్రంలో పట్టభద్రులు. "ఆ చదువుకి ఈ ఉద్యోగమేంటండీ?" అని డ్రైవర్లు ఆటపట్టిస్తే, "ఇంతకన్నా సరైన చోటు నాకెవరిస్తారయ్యా?" అనేవారు. 'తత్త్వంగారు' అన్న పేరు ఆనాడే స్థిరపడిపోయింది.

ఉండటమంటే ఏమిటి, ఎంత మారినా అదే వస్తువుగా నిలిచేదేమిటి, గడిచిన కాలం ఎక్కడైనా ఉందా అని మానవుడు యుగాలుగా వేసుకుంటున్న ప్రశ్నలను విచారించే ఆ శాస్త్రాన్ని, వారు వస్తువులు తిరిగిచ్చే ఈ కిటికీ దగ్గరే మాకు పరిచయం చేశారు. పిడీ గుడ్డా ఊచలూ అన్నీ మార్పించిన గొడుగు కోసం వచ్చిన ముసలావిడను "ఇక పాతదేం మిగిలిందమ్మా?" అని అడిగితే, "మరిచిపోయే నేను మిగల్లేదూ!" అని ఆవిడ గదమాయించారు. ఆ జవాబును కొత్తగా చేరిన ప్రతివారికీ మురిపెంగా వినిపించేవారు.

నిజానికి వారిని ఇక్కడికి తెచ్చింది కూడా గొడుగే. తండ్రిగారు కొనిచ్చిన గొడుగును తల్లిగారు బస్సులో మరిచిపోతే, వెతుక్కుంటూ వచ్చి, ఖాళీ ఉందని తెలిసి, చేరిపోయారు. సాయంత్రం గడపలో అడుగుపెట్టగానే ఆ తల్లి "దొరికిందా?" అనేవారు. "ఇంకా లేదమ్మా" అనేవారు ఈయన. మర్నాడు మమ్మల్ని పట్టుకుని, "పోయిందంటే లేనట్టా, కనబడనట్టా?" అని నిలదీసేవారు.

విభాగాధికారిగా పదోన్నతి పొందిన ఏడు, ఎవరూ అడగని గొడుగొకటి వచ్చింది. అదే నలుపు, అదే వంపు పిడి. "పట్టుకెళ్ళండి సార్, అమ్మగారికేం తెలుస్తుంది?" అన్నారు తోటివారు. మనసాగక ఒక్క పూటకి తీసుకెళ్ళారు. తల్లిగారు దాన్ని గదిలోనే విప్పి, ఆ నీడన కాసేపు కూర్చున్నారు.

"అచ్చం అదేరా. కానీ అది కాదు. దీనికోసం ఎవరు బెంగపెట్టుకున్నారో ఏమో, పొద్దున్నే తీసుకెళ్ళి పెట్టెయ్."

తల్లిగారు కాలం చేశాక, తత్త్వంగారు సాయంత్రాలు ఇంటికి తొందరపడటం మాలో ఎవరూ చూడలేదు. గొడుగు లేని లోటుకు అలవాటుపడ్డ మనిషి, తల్లి అడిగే ఆ ప్రశ్న లేని లోటుకు మాత్రం అలవాటుపడలేకపోయారు.

మొన్న వారి పదవీ విరమణ సభ ముగిశాక వారు కిటికీకి అవతలివైపు నడిచారు. ఉద్యోగంలో చేరకముందు నిలబడిన చోటే మళ్ళీ నిలబడి, తమ కుర్చీలో కూర్చున్న అమ్మాయిని అడిగారు.

"దొరికిందా?"

అమ్మాయి నవ్వలేదు. లేచి, అరలన్నీ వెతికి వచ్చింది.

"ఇంకా లేదండీ. రేపోసారి కనుక్కోండి."

ఆ మాటకు వారి ముఖం విప్పారింది. ఆ రేపులన్నీ వారికి నిండుగా దక్కాలనీ, సంపూర్ణారోగ్యంతో, చిరాయువుతో, ప్రతి సాయంత్రం మా కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.