కుట్టుమిషను పిల్ల దొంగ కాదు

నన్ను అందరూ గంటమ్మ అంటారు. గొంతు అలాంటిది. వయసు డెబ్బై అని రాసుకోండి, ఒకటి అటో ఇటో. తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతాను. పెనిమిటి లేడు. నేనూ నా కూతురూ ఒకే గదిలో ఉంటాం. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే స్టేషను రైటరు గారు రాస్తున్నారు.

మా వీధి ఆడవాళ్ల గుంపుకి నేను లీడర్ని. మొదట్లో ఈ అప్పుల కంపెనీ లేదు. తలా కొంచెం రేకు డబ్బాలో వేసుకుని, అవసరమైన వాళ్లకి ఇచ్చుకునేవాళ్లం. బిడ్డకి జ్వరమంటే వాయిదా ఆగేది. తర్వాత కంపెనీ వాళ్లొచ్చి, తాకట్టు అక్కర్లేదు, ఒకరికొకరు జామీను ఉండండి, పేదరికం పోతుంది అన్నారు. కాటికి కాళ్లు చాచిన నాకూ అప్పిచ్చారంటే వీళ్లది ఎంత గుండె ధైర్యమో అని నవ్వుకున్నాం. బళ్లు కొన్నాం, మిషన్లు కొన్నాం. అబద్ధమెందుకు, కొన్నాళ్లు కడుపు నిండా తిన్నాం. ఆ తర్వాత ఈ కంపెనీకి కట్టడానికి ఆ కంపెనీ దగ్గర తెచ్చాం.

రూలు ఒక్కటే. ఒక్కరు కట్టకపోయినా మీటింగులోంచి ఎవరూ లేవకూడదు.

పోయిన మంగళవారం పొద్దున ఏడింటికి మా గదిలోనే మీటింగు. కుట్టుమిషను పిల్ల ఉత్త చేతులతో వచ్చింది. మొగుడు కట్టడం పని దగ్గర కిందపడి మంచాన ఉన్నాడు. "ఈ ఒక్క వారం ఓర్చుకో పిన్నీ" అంది. కంపెనీ అబ్బాయి, "నేనేమీ అనను, మీలో మీరే తేల్చుకోండి" అని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నిజమే, ఏమీ అనలేదు. పదకొండయింది. బయట బండి మీద నా ఆకుకూర వాడిపోతోంది. మా గుంపులోని పాలామె బిడ్డ ఇంట్లో గుక్కపెట్టి ఏడుస్తోందని కబురొచ్చింది. అయినా ఆమెని పోనివ్వలేదు. తలుపు గడియ పెట్టింది కంపెనీ కాదు, నేను.

అందరూ తలో మాటా అన్నారు. నేనన్నది ఇది: "మిషను అమ్ముకో. చాలకపోతే నిన్ను నువ్వే అమ్ముకో."

ఆ పిల్ల ఏడవలేదు. "నువ్వా పిన్నీ, ఈ మాటంది?" అని లేచి, గడియ తీసి వెళ్లిపోయింది. ఇంటికి చేరలేదు. నేటికీ జాడ లేదు.

గుంపు డబ్బుతో పారిపోయిందని కంపెనీ కేసు పెట్టింది. డబ్బు ఎవరి చేతిలో ఉందని, పారిపోవడానికి? దాని ఇంటికెళ్లి చూడండి సారూ. మిషను అక్కడే ఉంది, సూది కింద సగం కుట్టిన చొక్కా ఉంది. దొంగయితే మిషను వదిలి పోతుందా? దొంగ అని రాస్తే ఎవరూ వెతకరు. నా మాట పడలేక పోయింది అని రాయండి. వెతకండి.

రాసింది చదివి వినిపించారు. "మందలించితిని" అని ఉంది. అలా ఉంటేనే నీకు మంచిది ముసలమ్మా, అన్నారు రైటరు గారు. కొట్టేయమన్నాను. మా అమ్మ నన్ను మందలించింది, నేను నా కూతుర్ని మందలించాను. ఇది అది కాదు. అన్న మాట అన్నట్టే రాయించి, నా కూతురు వింటుండగా మళ్లీ చదివించుకున్నాను. ఆ రోజు తను పనిలో ఉంది. ఆ మాట ఇప్పుడే విన్నది. తల దించుకుని బయటికి వెళ్లింది.

ఇందులో నేను అననిది లేదు, దాచింది లేదు.

గంటమ్మ, ఎడమ బొటనవేలి నిశాని
సాక్షులు: పాలామె, వేలిముద్ర
మా వీధి ఇస్త్రీ బండి పెద్దాయన, సంతకం