కెప్టెన్ పక్కన నడిచే పిల్ల

ఆగండి, ఒక్క నిమిషం. టీవీ గొంతు తగ్గించి వీళ్ళ మాట వినండి. దేశాల మధ్య ఫుట్‌బాల్ పోటీలు రేపే మొదలు. తమ్ముడు పత్రికలో ఆటల పేజీ రాస్తాడు. అక్క స్టేడియం ఆఫీసులో పనిచేస్తుంది. ఇప్పుడు ఓ చిన్న జెర్సీ ఇస్త్రీ చేస్తోంది.

“అక్కా, ఆ ఇస్త్రీపెట్టె కాస్త పక్కన పెట్టు. ఎనిమిదింటికల్లా పేజీ పంపాలి. రేపు మొదటి మ్యాచ్‌లో మనవాళ్ళు ఎవరెవరు దిగుతున్నారు?”

“ఎవరు దిగకపోయినా పర్లేదు. కెప్టెన్ దిగితే చాలు.”

“అదేంటి? వాడి పేరెత్తితే పళ్ళు నూరతావుగా.”

“ఇప్పుడూ నూరుతున్నా. నువ్వు రాసుకో.”

“రాస్తున్నా, విను. అవతలి ఎర్ర చొక్కాలవాళ్ళు పరుగులో గట్టి. మన డిఫెన్స్ జల్లెడ. మధ్యలో కెప్టెన్ నిలబడితే నెగ్గుతాం, వాడు తడబడ్డాడా, మూటాముల్లె సర్దుకోవడమే. ఎలా ఉంది?”

“తడబడతాడు అని రాయి.”

“వాడా? వాడు తడబడగా ఎప్పుడైనా చూశావా?”

“రేపు చూస్తా. మ్యాచ్ మొదలవకముందే.”

“అక్కా. ఏం చేశావ్?”

“నా పని నేను చేశా. ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చేటప్పుడు ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని ఒక్కో పిల్ల నడుస్తుంది కదా. ఎవరి పక్కన ఎవరిని పెట్టాలో చూసేది నేనేగా.”

“ఆ, అయితే... ఆగాగు. ఆ జెర్సీ ఎవరిది?”

“ఈ ఇంట్లో ఆ సైజు ఎవరిదిరా?”

“పిచ్చుకా? మన పిచ్చుకని వాడి పక్కన పెట్టావా? కన్నతండ్రి పక్కన?”

“మెల్లిగా. లోపల హోంవర్క్ చేసుకుంటోంది. తండ్రట తండ్రి. కడుపుతో ఉన్న నన్ను వదిలేసి పోయి, టీవీలో ఏమన్నాడు? ‘నాకు పెళ్ళేంటండీ, బంతే నా పెళ్ళాం’ అన్నాడు. పక్కన యాంకరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంకా నా చెవిలో జోరీగలా తిరుగుతోంది.”

“అందుకని?”

“అందుకని రేపు లోకమంతా చూస్తుంది. అవే కనుబొమ్మలు, అదే గడ్డం మీద సొట్ట, పక్కపక్కనే. కెమెరా కెప్టెన్ని వదలదు. జాతీయగీతం వేస్తారుగా, ఆ పాట అయ్యేదాకా వాడు కదలడానికి లేదు, మొహం దాచుకోడానికి లేదు. నిలువునా చెమటలు పట్టాలి.”

“మరి మ్యాచ్?”

“మట్టిగొట్టుకుపోనీ.”

“అక్కా, నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాం ఈ మ్యాచ్ కోసం.”

“తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నా నేను.”

“సర్లే, మ్యాచ్ వదిలెయ్. పిల్ల మాటేంటి? ఎల్లుండి స్కూల్లో దాన్ని పీక్కుతినరూ? అసలు వాడెవడో దానికి తెలుసా?”

“తెలీదు. కెప్టెన్ పక్కన నడుస్తావే అంటే సరే అంది.”

“గంతులెయ్యలేదా? అందరికీ ఫోన్లు చెయ్యలేదా?”

“సరే అంది, అంతే.”

“వాడి మీద రాయి విసురుతున్నావ్, బాగానే ఉంది. కానీ ఆ రాయి మన పిల్ల అక్కా.”

“నీతులు నీ పేజీలో రాసుకో. ఆ రోజు వాడి కాళ్ళు విరగ్గొడతానన్నది నువ్వు కాదూ?”

“నేనే. ఇప్పుడైనా విరగ్గొడతా, ఫైనల్ అయ్యాక.”

“మావయ్యా.”

“అమ్మో, పిచ్చుకా, ఎప్పుడొచ్చావే? హోంవర్క్ అయిందా?”

“ఎప్పుడో అయింది. అమ్మా, నాకు తెలుసు.”

“ఏం తెలుసే?”

“టీవీలో మిగతా పదిమందినీ చూడనిస్తావు. ఆయన రాగానే చానెల్ మార్చేస్తావు. బయట గోడల నిండా ఆయన బొమ్మలే, మనింట్లో అద్దం ఉంది కదమ్మా.”

“పిచ్చుకా... ఇలా రా. వద్దులే తల్లీ, వద్దు. పొద్దున్నే వెళ్ళి నిన్ను గోల్‌కీపర్ పక్కకి మార్చేస్తా. సరేనా?”

“మార్చావంటే నీతో మాట్లాడను.”

“ఎందుకే? ఆయన చెయ్యి పట్టుకోవాలని ఉందా?”

“లేదు. అందరూ చూస్తుంటే ఆయన నాకు చెయ్యి చాపుతాడు కదా. ఆయనెవరో నాకు తెలీనట్టు చేతులు వెనక్కి పెట్టుకుంటా. పాట అయ్యేదాకా అలా చాపి ఉంచనీ.”

మీరైతే రేపు ఆ పిల్లని పంపిస్తారా, ఆపుతారా?