సీటు పడి తొంభై గుడ్లు

(ఏలూరు శివారు, వట్లూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. స్కూటరు మెకానిక్కు చంటి. ఓ లంక ఊళ్ళో బడికి హెడ్మాస్టరు భీమశంకరం.)

"చూశావా, పడింది! మళ్ళీ ఎత్తు. ఎత్తి వదిలెయ్. పడిందా?"

"పడిందండి."

"నీ కళ్ళతో నువ్వే చూశావుగా?"

"చూశానండి. వేలు కూడా నలిగిందండి. సీటు కింద స్ప్రింగు పోయింది మాస్టారూ, అందుకే తెరిచినప్పుడు నిలబడట్లేదు. రెండు నిమిషాల పని."

"పని సంగతి తర్వాత. ముందు ఓ కాగితం మీద రాసియ్యి. ఈ సీటు తెరిస్తే నిలవదు, దబ్బున పడుతుంది, నెల్లాళ్ళుగా ఇంతే, అని."

"సీటుకి సర్టిఫికెట్టాండి?"

"ఆఫీసు వ్యవహారంలే. దీని మూలంగా తొంభై గుడ్లు పగిలాయి."

"తొంభయ్యే!"

"బడిపిల్లల మధ్యాహ్న భోజనం గుడ్లు. కొల్లేరు కట్ట మీదకి నీళ్ళొచ్చి గుడ్ల బండి లంకలోకి రాలేదు. పాపం పిల్లలు అని నేనే ఏలూరునించి మోశాను. తియ్యబోతుంటే సీటు పడింది. అన్నీ పచ్చడి."

"తొంభై అంటే మూడు అట్టలండి. ఈ డిక్కీలో ఒక్క అట్టయినా పట్టదు గదండీ?"

"అట్ట తీసేసి విడిగా పేర్చాను."

"తొంభయ్యీనాండి?"

"మూడు విడతలుగా తెచ్చానయ్యా."

"మూడుసార్లూ పడిందాండి?"

"పడింది. మూడుసార్లూ పడింది. నిలవని సీటు ఒక్కసారి పడి ఊరుకుంటుందా?"

"ఊరుకోదులెండి. కానీ సొన కారిందంటే ఎంత కడిగినా కంపు పోదండి. ఇందులో అగరొత్తుల వాసనొస్తోంది."

"నేను గుడ్డు ముట్టనయ్యా! మా ఇంట్లో ఆ పేరే ఎత్తం. అందుకే అగరొత్తులు పెట్టాను."

"ముట్టకుండా ఎలా పేర్చారండి?"

"అది... అది గవర్నమెంటు గుడ్డు. డ్యూటీ."

"మొన్న మీ బామ్మర్ది గారి కర్రీ పాయింటులో గుడ్డు పులుసు తెచ్చుకున్నానండి. గుడ్డుకి నీలం రంగంటుకుని ఉంది. బడి గుడ్ల పెంకు మీద ముద్ర వేస్తారు చూడండి, ఆ నీలం."

"ఉండుండు, ఫోనొస్తోంది. హలో... ఆఁ, నమస్కారం సార్... రేపు పదింటికా? రండి సార్, రండి... స్కూటరా? బళ్ళోనే ఉంటుంది, చూపిస్తాను... పేరెంట్స్ కమిటీ ఛైర్మనా? జగ్గారావని సార్... ఎందుకుండడు, ఉంటాడు. చాలా చురుకైన మనిషి, ఒక్క మీటింగు తప్పడు... అలాగే సార్. అలాగే."

"మాస్టారూ, ఇటు చూడండి. ఎత్తాను. వదిలేశాను. నిలబడింది!"

"ఏం చేశావయ్యా!"

"కొత్త స్ప్రింగేశానండి. మీరు మాట్లాడుతుండగానే అయిపోయింది."

"ఎవడు వెయ్యమన్నాడు నిన్ను? రేపే ఎంక్వైరీ! ఆఫీసరు ముందు ఇది పడాలి. తీసెయ్, తీసెయ్. పాతదే వెయ్యి."

"పాతది కాలవలో పడేశానండి. అయినా బాగైన బండిని చెడగొట్టడం నాకు చేతకాదండి."

"కొంప ముంచావు... పోనీ, కాగితం రాసియ్యి. ఛైర్మను కూడా చూశానని చెబితే సరిపోతుంది."

"ఆ జగ్గారావు ఎవరండీ?"

"నేనేం చూశాను? నాలుగో తరగతి పిల్ల ఎవత్తో, లంకలో అమ్మమ్మ దగ్గరుండి చదువుతోంది, దాని తండ్రి. ఎక్కడో బయటూళ్ళో పనిట. రిజిస్టర్లో పేరు చూసి ఛైర్మన్ని చేశాం. బడి గుమ్మం ఎక్కిన పాపాన పోలేదు. అలాంటివాడే కావాలి."

"ఛైర్మన్ని చేసినట్టు ఆయనకి చెప్పారాండి?"

"చెబితే వస్తాడు కదయ్యా!"

"మరి సంతకాలో?"

"నేనే. ఆ సంతకం నాకొచ్చినంత బాగా వాడికి కూడా రాదు."

"మరి రేపెలాగండి?"

"అదే ఆలోచిస్తున్నా... అబ్బాయ్, నువ్వు రాకూడదూ? తెల్లచొక్కా తొడుక్కో. జగ్గారావునని చెప్పు. గుడ్లు పగలడం కళ్ళారా చూశానను. అంతే."

"ఎవరైనా గుర్తుపడతారేమోనండి."

"ఆ లంకలో నిన్నెవడు గుర్తుపడతాడయ్యా? నీ ఊరూ కాదు, నీ పేరూ కాదు."

"అయితే వస్తానండి. పదింటికల్లా ఉంటాను. ఆధార్ కార్డు తేనాండి?"

"చంపావు! అది చూపిస్తే దొరికిపోతాం."

"పర్లేదండి. చంటంటే మా అమ్మ పిలుపండి. కార్డులో జగ్గారావనే ఉంటుంది."