బోర్లా పడుకున్న పద్నాలుగు మంది

ఈరోజు ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, మన చర్మవ్యాధుల విభాగంలో రెండేళ్లుగా నడుస్తున్న పూతమందు పరీక్ష ఆగింది. ఆపించింది నేను. తప్పు కూడా నాదే.

నా పదవీ విరమణ సభకు పెద్దగా ఉన్న డాక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, మందుల గది ఆవిడకు, నాతో పనిచేసిన నర్సులకు, లెక్కలు చూసే మిత్రులకు, పని మానుకుని వచ్చిన మా రోగులకు, మూడో వరుస చివర కూర్చున్న మా ఆయనకు నమస్కారం. ముందు నమస్కారాలు, తర్వాత విషయం అన్నది పద్ధతి. ఇవాళ అలా మొదలుపెడితే నమస్కారాల దగ్గరే ఆగిపోతానేమోనన్న భయంతో వరస మార్చాను.

నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఒక్క కాగితం కూడా తప్పు రాయలేదని ఇందాక ఒకరు అన్నారు. పాపం ఆయనకు సంగతి తెలియదు. తెలిసిన డాక్టరు గారు సరిగ్గా అప్పుడే నీళ్ల గ్లాసు అందుకున్నారు. నేను చూశాను.

(కొద్దిపాటి నవ్వులు)

బయటివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి మా పనేమిటో చెబుతాను. సోరియాసిస్ అనే జబ్బులో చర్మం మచ్చలు మచ్చలుగా ఎర్రబడి, దళసరిగా మారి, పొలుసులుగా రాలుతుంది. దానికి ఒక కొత్త పూతమందు వచ్చింది. అది నిజంగా పనిచేస్తుందా, లేక ఏదో ఒకటి రాసుకుంటున్నామన్న ధైర్యమే పనిచేస్తుందా అన్నది తేల్చాలి. అందుకని రెండు కాళ్ల మీదా మచ్చలున్న అరవై రెండు మందిని తీసుకున్నాం. ఒక్కొక్కరికి రెండు ట్యూబులు, ఒకదాని మీద ఎడమ అని, ఇంకొకదాని మీద కుడి అని రాసి ఉంటుంది. ఒకదానిలో మందు, రెండోదానిలో ఉత్త పూత. రంగు ఒకటే, వాసన ఒకటే. ఏ కాలికి ఏది వెళ్లిందో రోగికి తెలియదు, నాకు తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. ఆ జాబితా సీలు వేసిన కవరులో, మందుల గది ఆవిడ బీరువాలో ఉంది. ఆ బీరువా తాళంచెవి రెండేళ్లుగా ఆవిడ మెడలోనే ఉంది. ఆడపడుచు పెళ్లిలో మెడలో అదేమిటని అందరూ అడిగినా తీయలేదట. తల ఊపుతున్నారు, అంటే నిజమే.

నా పని కొలవడం. మచ్చ మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి అంచు గీస్తాను. ఎరుపుకు, మందానికి, పొలుసుకు మార్కులు వేస్తాను. పైన అది ఎడమ కాలో కుడి కాలో రాస్తాను. అందుకే రోగులు నన్ను కొలతలక్క అంటారు. ఒక్కొక్కరు ఆరుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ అడిగింది ఒక్కటే, ఏ కాలికి మందో చెప్పమని. నాకే తెలియదంటే నమ్మేవాళ్లు కాదు. బస్సు నడిపే తమ్ముడొకాయన, ఇక్కడే ఉన్నారు, కళ్లతో సైగ చేసినా చాలు, అర్థం చేసుకుంటానన్నారు. ఆ తర్వాత ఆయన కాళ్లు కొలిచినంతసేపూ కనురెప్ప వేయడానికి కూడా భయమేసింది.

(నవ్వులు)

ఇక తప్పు దగ్గరికి వస్తాను. రోగి మన ఎదురుగా కూర్చుంటే ఆయన ఎడమ కాలు మన కుడివైపు ఉంటుంది. కొత్తగా చేరిన నర్సుకు మొదటి రోజు నేను నేర్పే పాఠం అదే. నీకు కనిపించేదాన్ని తిప్పి రాయి అని చెబుతాను. ముప్పై ఏళ్లు తిప్పి తిప్పి, అది నాకు ఊపిరి తీసినంత అలవాటైపోయింది. ఈ పరీక్షలో నలభై ఎనిమిది మందికి మచ్చలు కాలి ముందువైపున్నాయి. వాళ్లు ఎదురుగా కూర్చున్నారు, నేను తిప్పి రాశాను, సరిపోయింది. పద్నాలుగు మందికి మచ్చలు పిక్కల మీదున్నాయి. వాళ్లు బోర్లా పడుకున్నారు. బోర్లా పడుకున్న మనిషి పాదాల దగ్గర నిలబడి చూస్తే ఆయన ఎడమ మన ఎడమవైపే ఉంటుంది. అక్కడ తిప్పకూడదు. నేను తిప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, నా చోటికి వస్తున్న నర్సు చెల్లెలికి ఫైళ్లు అప్పగిస్తూ కూర్చున్నాను. బస్సు తమ్ముడి ఫైలు తీశాం. ఆయన అనుమతితోనే ఇది చెబుతున్నాను. ఆయన పిక్క మీద పాత కాలిన మచ్చ ఉంది, మోటారు సైకిల్ పొగగొట్టం తగిలి అయింది. గుర్తుగా ఉంటుందని దాన్ని కూడా గీశాను. ఆ చెల్లెలు కాగితం చూసి, పొగగొట్టం కుడివైపు కదా అక్కా ఉండేది, ఎడమ కాలు ఎలా కాలింది అని అడిగింది. ఈయన బండి వెనక్కి తిరిగి కూర్చుని నడిపాడేమోలే అని నవ్వేశాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఇద్దరం నవ్వడం ఆపేశాం.



ఆమె వెళ్లాక మిగతా ఫైళ్లు తీసి, నా గీతలను, వచ్చిన ప్రతిసారీ రెండు కాళ్లకూ కలిపి తీసిన ఫొటోల పక్కన పెట్టి చూశాను. తొమ్మిది మందికి పుట్టుమచ్చో, కుట్ల గుర్తో ఏదో ఒకటి ఉంది. తొమ్మిదీ తారుమారుగానే ఉన్నాయి. మిగతా అయిదుగురికి ఏ గుర్తూ లేదు. వాళ్లవీ తారుమారే అయి ఉంటాయని నేను అనుకోవచ్చు. కానీ నేను అనుకునేవాటికి ఈ పనిలో విలువ లేదు. మందు పనిచేసి ఉంటే, నా కాగితాల ప్రకారం ఈ పద్నాలుగు మందిలో ఉత్త పూత పనిచేసి, మందు చేయనట్టు కనిపిస్తుంది. అరవై రెండులో పద్నాలుగు అంటే మంచి మందును కూడా పక్కన పడేయించడానికి సరిపోవచ్చని లెక్కలాయన ఇవాళ చెప్పారు.

శుక్రవారమే చెప్పాల్సింది. చెప్పలేదు. శనివారం చెప్పలేదు. ఈ సభకు మీరంతా వస్తున్నారు, కార్డులు వేశారు, సోమవారం సాయంత్రం గడిస్తే నా దారి నాది అనుకున్నాను. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. ఆదివారం భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. స్కూటరు మీద వెళ్లేటప్పుడు నేను కుడికి తిప్పమంటే ఎడమకు తిప్పుతారని పెళ్లయిన నాటి నుంచి ఆయన్ని సాధిస్తున్న మనిషిని. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"రేపు చెప్పేసెయ్. లేకపోతే వాళ్లిచ్చే గోడగడియారం ఇంట్లో ఏ గోడకి తగిలిస్తావు?" అన్నారు.

గోడగడియారమే ఇస్తారని ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు.

(నవ్వులు)

ఇవాళ సాయంత్రం అయిదింటికి కంప్యూటరులో మా అంకెలకు తాళం పడాల్సింది. పడితే ఎవరూ ఏదీ మార్చడానికి లేదు. రేపు పదింటికి కవరు తెరవాల్సింది. కవరు తెరిచాక ఎడమ కుడి అయిందని చెబితే, మందును గెలిపించడానికి చెబుతున్నామనే అంటారు. అలా అనడం న్యాయం కూడా. అందుకే పదకొండుంబావుకు డాక్టరు గారి గదిలోకి వెళ్లాను. ఆయన ఈ పరీక్ష కోసం ఆరేళ్లు తిరిగారు. నేను చెప్పింది మొత్తం విన్నారు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"శుక్రవారం అండి."

"ఇవాళ సోమవారం."

"అవునండి."

కలానికి మూత పెట్టారు. లెక్కలాయనకు ఫోన్ చేసి తాళం వేయవద్దన్నారు. అప్పుడు టైము పదకొండు ఇరవై. ఆ తర్వాత సభలో ఇదంతా ఎందుకు, పద్ధతి ప్రకారం ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీకి రాసి పంపుదాం అన్నారు. పంపాం. కానీ ఆ పద్నాలుగు మందిలో నలుగురు ఈ హాల్లో ఉన్నారు. నాకు చప్పట్లు కొట్టడానికి వచ్చారు. నాలుగు నెలలు ఎండా వాన అనకుండా వచ్చి నా బల్ల మీద బోర్లా పడుకున్నారు. సంగతి చెప్పకుండా వాళ్ల చేత చప్పట్లు కొట్టించుకోలేను. డాక్టరు గారూ, మీ మాట దాటాను, క్షమించండి.

(వెనుక వరుసలో బస్సు డ్రైవరు లేచి నిలబడ్డారు.)

"అయితే అక్కా, నాకు తగ్గింది కుడి కాలా, ఎడమ కాలా?"

నీ కాళ్లు నీ దగ్గరే ఉన్నాయి కదా తమ్ముడూ, చూసుకో. తగ్గింది ఏదో నీకు తెలుసు. దానికి రాసింది మందో కాదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పటికి మనకు మిగిలిన మంచి అదొక్కటే. కూర్చో.

(నవ్వులు, చప్పట్లు)

నాకు పని నేర్పినవాళ్లకు, నా కాగితాలను నమ్మినవాళ్లకు కృతజ్ఞతలు. శుక్రవారం ఆ ప్రశ్న అడిగిన చెల్లెలికి ఇంకాస్త ఎక్కువ. అమ్మా, రేపటి నుంచి వచ్చేవాళ్లకు నా మొదటి పాఠం చెప్పకు. కాలి మీద పెన్నుతో గుర్తు పెట్టాకే కాగితం తీయమని చెప్పు.

నా ఉద్యోగం అయిదింటికే అయిపోయింది. రేపు ఉదయం తొమ్మిదింటికి, మా కాగితాలు ఎన్నడూ చూడని ఇద్దరు నర్సులు వేరే ఆసుపత్రి నుంచి వస్తారు. పద్నాలుగు మందినీ మళ్లీ కొలిచి, ఫొటోలతో, నా గీతలతో సరిచూస్తారు. మొదటి పిలుపు డ్రైవరు తమ్ముడికి. నేను గదిలోకి వెళ్లకూడదు, వరండాలో బల్ల మీద ఉంటాను, ఏమైనా అడిగితే చెప్పడానికి. సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుని, ఆ పద్నాలుగు మందిని లెక్కలో ఉంచాలో తీసేయాలో చెబుతుంది. అప్పటిదాకా కవరు బీరువాలో, తాళంచెవి ఆవిడ మెడలో.

రేపు తొమ్మిదింటి దాకా సెలవు.