గేదెలను దాచిన ఊరు, దాపరికం ఎరుగని తహసీన్ గారు

1993వ సంవత్సరం జులై పన్నెండవ తేదీ సోమవారం నాడు, మాచర్లలోని మన వెలుగుబాట గ్రామాభివృద్ధి సమితిలో క్షేత్ర కార్యకర్తగా శ్రీమతి షేక్ తహసీన్ గారు విధుల్లో చేరారు. లారీ మెకానిక్ మౌలాలీ గారి పెద్ద కుమార్తెగా, మోటార్ వైండింగ్ దుకాణం నడిపే జమీర్ గారి సతీమణిగా మాచర్ల బజారుకు అప్పటికే పరిచితురాలైన ఆమె, ఆనాటి నుంచి పల్నాటి పల్లెలకు సొంత మనిషి అయ్యారు. ఈ అక్టోబరు ముప్పై ఒకటిన సంచాలకురాలి హోదాలో పదవీ విరమణ చేస్తున్న ఆమెకు పొగడ్తలంటే గిట్టదు. ఈ వీడ్కోలు సావనీరుకు నేను వ్యాసం రాస్తున్న సంగతి ముందే తెలిసి ఉంటే, "ఏందండీ నరసింహం గారూ, నేనేమన్నా పోయానా, ఇంత రాస్తన్నారు!" అని కసిరేవారే. అందుకని అచ్చుకు వెళ్ళేదాకా ఈ కాగితాలు ఆమె కంట పడకుండా జాగ్రత్తపడ్డాం.

సముద్రాల అవతలి దాతృసంస్థలు పంపే గ్రాంటులతో బావులు తవ్వించడం, బడులకు గదులు కట్టించడం, స్త్రీలకు జీవనోపాధి కల్పించడం మన సమితి ప్రధాన వ్యాసంగం. అయితే ప్రతి గ్రాంటుకూ ఒక గడువు ఉంటుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలోనే తహసీన్ గారు ఒక ఊళ్ళో తాళం పడిన కుట్టుశిక్షణ కేంద్రాన్ని చూశారు. గ్రాంటు ఆగిన మరుసటి నెలలోనే అది మూతపడింది. లోపల మిషన్లు తుప్పుపట్టి ఉన్నాయి, గుమ్మం పైన దాత పేరున్న బోర్డు మాత్రం కొత్తగా మెరుస్తోంది. ఆ దృశ్యం ఆమె మనసును ఎంత కలచివేసిందంటే, ఆ రాత్రి భోజనం దగ్గర జమీర్ గారితో, "వాళ్ళ డబ్బు ఆగిన రోజున నా పని కూడా ఇట్టాగే ఆగిపోయేటట్టయితే, నేను ఇంట్లో కూర్చున్నా ఒకటే" అన్నారట. గ్రాంటు పోయాక నిలుస్తుందా, నిలవదా? ముప్పై రెండేళ్ళ ఉద్యోగ జీవితంలో ఆమెను నిద్రపోనివ్వని ప్రశ్న అదొక్కటే.

తొలినాళ్ళలో ఆమె రక్షిత మంచినీటి పథకాలకూ, బాలికల వసతిగృహానికీ పనిచేశారు. వేసవి మిట్టమధ్యాహ్నం రెంటచింతల బస్సులో, నిప్పులు చెరిగే ఎండలో, నెత్తిన తడి తువ్వాలు వేసుకుని ప్రయాణించిన ఆ దీక్షను తలచుకుంటే ఏసీ జీపుల్లో తిరిగే నేటి మాబోటివాళ్ళకు సిగ్గు వేయాలి. 2001లో పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొంది, 2004లో రెంటచింతల మండలంలోని రాళ్ళపాలెంలో మహిళా పాడి పథకాన్ని తన చేతుల మీదుగా ప్రారంభించారు. ఆ ఊరి పాల సంఘానికి పెద్దదిక్కు ఆరోగ్యమ్మ గారు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. విదేశీ నిధులతో కొన్న గేదెలను ఇంటింటికీ ఇప్పించి, వాటికి జబ్బు చేసినప్పుడు పశువైద్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, పాలు కొనేవాడు తూకంలో మోసం చేస్తే వాడితో బజారులో తగవు పెట్టుకుని, ఐదేళ్ళలో ఆ ఊరి ముఖచిత్రాన్నే మార్చేశారు తహసీన్ గారు.

ఆ ఐదేళ్ళ గడువు చివర, 2009 మే నెలలో, దాతృసంస్థ తరఫున హెల్గా అనే పెద్దావిడ మూల్యాంకనానికి వచ్చారు. రాళ్ళపాలెంలో పథకం ఫలించిందని ఆమె తేల్చితే మరో నాలుగు ఊళ్ళకు గ్రాంటు మంజూరవుతుంది, లేకుంటే ఆ నాలుగు ఊళ్ళ స్త్రీల ఆశలు అక్కడితో సరి. హెల్గా గారి ఇంగ్లీషును ఊరివాళ్ళకూ, ఊరివాళ్ళ మాటను ఆమెకూ చెప్పే బాధ్యత తహసీన్ గారిదే.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే తహసీన్ గారికి ఏదో తేడాగా తోచింది. పండుగలకు జరీ అంచు చీరలు కట్టే ఆడవాళ్ళందరూ ఆ రోజు చిరుగుల చీరల్లో నిలబడి ఉన్నారు. కొట్టాలు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి, ఎక్కడా పేడకడి అన్నది లేదు. ఊళ్ళోని బాలశౌరి ఇంటి పక్కన ఉండే మోటారు సైకిలు గడ్డివాములో సగం దూరి, వెనక చక్రం మాత్రం బయటకు చూస్తోంది. ఊరంతా వెతికినా ఒక్క గేదె లేదు!

"జంతువులేవీ?" అని హెల్గా గారు అడిగారు. ఆ గొంతులో అనుమానం స్పష్టంగా ఉంది. డబ్బులు ఎవరో మింగేశారన్నదే ఆ చూపుకు అర్థం.

ఆరోగ్యమ్మ గారు చిరిగిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ముందుకొచ్చారు. "ఏం జెప్పమంటారమ్మా, ఈ ఎండలకు మనుషులే రాలిపోతన్నారు, గొడ్లెక్కడ ఆగుతయ్? చానా వరకు వడదెబ్బకే పోయినయ్. ఇంకో ఐదేళ్ళు సాయం జేస్తేనే మేం బతికేది." అని, ఆ వెంటనే గొంతు తగ్గించి, "తహసీనమ్మా, ఇదే జెప్పు ఆమెకు. మేం బాగుపడ్డామని తెలిస్తే గ్రాంటు ఆపేస్తారంట. అప్పుడు నీ ఉద్యోగం పోద్దంట గదా! గొడ్లు క్వారీలో నీడపట్టున ఉన్నయ్‌లే, మావాళ్ళు కాస్తన్నారు" అన్నారు.

తహసీన్ గారికి సంగతి అర్థమైంది. తన ఉద్యోగం కోసం ఊరు ఊరంతా కలిసి ఆడిన నాటకమది! ఆ ప్రేమకు కళ్ళు చెమర్చాయి, ఆ తెలివితక్కువతనానికి ఒళ్ళు మండింది. ఆరోగ్యమ్మ గారు చెప్పిందే ఇంగ్లీషులో చెబితే జాలిపడి మరో ఐదేళ్ళు పొడిగించే అవకాశం లేకపోలేదు. నిజం చెబితే, అబద్ధాలాడే ఊరని ముద్రపడి, ఆ నాలుగు ఊళ్ళకూ దక్కాల్సింది దక్కకుండా పోవచ్చు. హెల్గా గారేమో అనువాదం కోసం ఎదురుచూస్తున్నారు.

తహసీన్ గారు ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేశారు. గేదెలన్నీ క్షేమంగా ఉన్నాయనీ, వీళ్ళు బాగుపడ్డారనీ, ఆ సంగతి తెలిస్తే తన జీతం పోతుందన్న భయంతో దాచారనీ చెప్పి, ఊరివైపు తిరిగారు.

"అక్కా, నువ్వు జెప్పమంది నేను జెప్పలా. ఉన్నది జెప్పినా. నా ఉద్యోగం సంగతి నేను జూసుకుంటా, మీరు గేదెల్ని తోలుకురండి."

"ఇప్పుడా! అంత దూరం నుంచి, ఈ ఎండలోనా?" అన్నాడు బాలశౌరి.

"పొద్దున అదే ఎండలో తోలుకుపోయినప్పుడు ఏమైంది నీకు? కదులు" అని ఆరోగ్యమ్మ గారే గదమాయించారు. చెప్పకేం, ఆమె ముఖం మాత్రం ముడుచుకునే ఉంది.

కొంతసేపటికి క్వారీ దారి దుమ్ము లేచింది. నల్లగా నిగనిగలాడుతూ, పొదుగులు ఊగిస్తూ మంద ఊళ్ళోకి వచ్చి, ఏ గేదెకు ఆ గేదె తన కొట్టం వెతుక్కుని వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ముఖాలు చూపలేక కొంగులు అడ్డం పెట్టుకున్నారు. గడ్డివాములోంచి మోటారు సైకిలూ, దుప్పట్ల కిందనుంచి మిక్సీలూ ఒక్కటొక్కటిగా బయటపడుతుంటే, అంతవరకు గంభీరంగా ఉన్న హెల్గా గారు పొట్ట పట్టుకుని నవ్వారు. చివరకు ఆరోగ్యమ్మ గారిని దగ్గరకు పిలిచి, మీరు బాగుపడటం చూడటానికే నేను సముద్రం దాటి వచ్చాను, దాన్ని దాచి నన్ను ఉత్త చేతులతో పంపుతారా అని తహసీన్ గారి చేత అడిగించారు.

"తెలవక జేసినమమ్మా" అన్నారు ఆరోగ్యమ్మ గారు. "బాగుపడ్డామంటే చెయ్యి వదిలేస్తారనుకున్నం."

ఆ నాలుగు ఊళ్ళకూ గ్రాంటు వచ్చింది. రాళ్ళపాలేనికి మాత్రం గడువు ప్రకారం ఆగిపోయింది. మిగతావాళ్ళకు విజయోత్సవంలా ఉన్న ఆ ఏడాది తహసీన్ గారికి అసలైన పరీక్ష. నెలకొకసారైనా ఏదో పని కల్పించుకుని రాళ్ళపాలెం వెళ్ళి, సంఘం గది తలుపులు తీసే ఉన్నాయా లేదా అని దూరం నుంచే చూసుకునేవారని ఆనాటి డ్రైవరు యోహాను ఇప్పటికీ చెబుతాడు. ఒక నెల మూతపడి కనిపిస్తే ఆమె బండి దిగి పరుగున వెళ్ళారట. తీరా చూస్తే సభ్యులందరూ శివరాత్రి తిరునాళ్ళకు వచ్చే జనానికి పెరుగు అమ్మడానికి కోటప్పకొండ వెళ్ళారు!

2014లో కార్యక్రమ సమన్వయకర్తగా, 2018లో సంచాలకురాలిగా ఆమె ఉన్నత పదవులను అలంకరించారు. ఆపైన కాలం మారింది. విదేశీ నిధుల రాక సన్నగిల్లింది, ఇరుగుపొరుగు సంస్థలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 2022లో మన దాతృసంస్థ కూడా ఇండియాలో తన కార్యక్రమాలను ముగిస్తున్నట్టు తెలిపి, చివరి కానుకగా పాత సంఘాలకు మరో రెండేళ్ళు తోడ్పడతామని ప్రతిపాదించింది. ఆ విషయమై నరసరావుపేటలో జరిగిన సమావేశంలో సంఘాల ప్రతినిధులందరూ కూర్చుని ఉండగా, జుట్టు పూర్తిగా నెరిసిన ఆరోగ్యమ్మ గారు లేచి నిలబడ్డారు.

"మాకొద్దండీ. మాకు సరిపోను ఉంది. పెదకూరపాడు దిక్కున ఒక ఊరి ఆడోళ్ళు గేదెలు కొనుక్కోవాలని తిరుగుతన్నారంట, వాళ్ళకియ్యండి. సాలకపోతే మిగతాది మా సంఘం ఏసుకుంటది."

ఆ తరువాత మోగిన చప్పట్లు వీధిలోకి వినబడ్డాయి. ఐదేళ్ళు విదేశీ సహాయం అందుకున్న ఊరు, నలుగురి ఎదుట నిలబడి, తానే దాతనయ్యానని ప్రకటించిన క్షణమది. అధ్యక్ష స్థానంలో ఉన్న తహసీన్ గారు ముందున్న కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నారు గాని, ఆమె ఏడుస్తున్నారని మొదటి వరుసలో ఉన్న మాకందరికీ తెలుసు. జవాబు దొరికింది. నిలిచింది!

గత వారం ఆరోగ్యమ్మ గారు మాచర్ల కార్యాలయానికి వచ్చి, తహసీన్ గారి బల్ల ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని, మా అందరి ముందే, "రిటైరైపోతన్నావంట గదా. పెదకూరపాడోళ్ళకు మేమిచ్చిన డబ్బు ఎట్టా వాడుకుంటన్నారో చూసి రావాల. మా తరపున పోయేదానివి నువ్వే. జీతం ఇయ్యలేం, బస్సు ఛార్జీలిస్తం, అన్నం పెడతం" అన్నారు. తహసీన్ గారు నవ్వుతూ, "ఎప్పుడు చేరమంటారు?" అని అడిగారు. నవంబరు ఒకటిన చేరమన్నారు. కాబట్టి ఈ సావనీరు చదివేవారు గమనించగలరు: ఆమె ఖాళీగా ఉండబోయేది ఒక్క రాత్రి మాత్రమే.

ఇన్నాళ్ళూ ఆమెను ఊళ్ళకు అరువిచ్చిన జమీర్ గారికీ, కుమార్తె నౌషీన్‌కూ సమితి సిబ్బంది పక్షాన కృతజ్ఞతాపూర్వక నమస్సులు. ఆ అల్లా చల్లని చూపు, మా త్రికోటేశ్వరుని దీవెన, రాళ్ళపాలెం తల్లుల ప్రార్థన ఒక్కటై, తహసీన్ గారికి ఎండలను లెక్కచేయని ఆరోగ్యాన్నీ, ఇంకా ఎన్నో ఊళ్ళు ఇక సాయం వద్దనడం కళ్ళారా చూసేంతటి దీర్ఘాయువునూ ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం.