తిరపతయ్య మింగిన రెండు రంగుల బిళ్ళలు

కల్లుకి తాటిచెట్లు గీసే తిరపతయ్య లేడూ, అరవై దాటినా రోజుకి పది చెట్లెక్కేవోడు, ఆయనకి బీపీ వచ్చిందంట. టౌన్లో డాక్టరు తళతళలాడే అట్టలో గులాబీరంగు బిళ్ళ రాసిచ్చాడు. పొద్దునొకటి. బానే ఉన్నాడు. ఆ తరవాత ఏమైందంటే, మన సర్కారు ఆసుపత్రిలో బీపీ చూసి తెల్లబిళ్ళలు ఊరికే ఇచ్చారు. ఇంతకుముందే ఒకటి మింగుతున్నానని చెప్పాలా వద్దా? చెప్పలా. ఊరికే వచ్చిన తెల్లబిళ్ళంటే నమ్మకం లేదు, అట్టాగని పారెయ్యడానికి మనసొప్పలా. పది చెట్ల కల్లు పది రుచులు గదా, దేని పని దానిదే అనుకున్నాడు. పొద్దున్నే రెండూ కలిపి మింగడం. దేంతో మింగాడనుకున్నారు, నీళ్ళతోనా? అబ్బే, మొదటి చెట్టు నించి దింపిన కల్లుతో!

అట్టా నాలుగు రోజులు మింగాడు. అయిదో రోజు సగం చెట్టు మీద ఉండగా కళ్ళు తిరిగినయ్యంట. నడుముకి మోకు ఉంది గాబట్టి బతికాడు. చెట్టుని వాటేసుకుని మెల్లంగా జారుకుంటా జారుకుంటా దిగాడు. ఇంటికొచ్చి గీతకత్తి పెళ్ళాం చేతిలో పెట్టి, ఇంక నా పనైపోయిందే పేరమ్మా, దీన్ని ఎవురికన్నా ఇచ్చెయ్ అన్నాడు. అని ఏడ్చాడంట. అంత మడిసీ ఏడ్చాడు.

పేరమ్మ ఇచ్చిద్దా? కత్తిని చూరులో దోపి, బిళ్ళలన్నీ కొంగున మూటగట్టి, మొగుణ్ణి లాక్కుని సర్కారు ఆసుపత్రికి పోయింది. అక్కడ మందులిచ్చే కిటికీకాడ షాహీనా అని ఒక పిల్ల ఉంటది. ఆ పిల్ల రెండు అట్టలూ తిప్పి, సన్నక్షరాలు చదివి, "బాబాయ్, ఇవి రెండూ ఒకటే మందు. కంపెనీ పేర్లే వేరు" అంది. ఈయన ఒప్పుకుంటాడా? రంగు వేరు, అట్ట వేరు, ఒకటెట్టా అయిద్ది, నాకు చెప్పొచ్చావా అన్నాడు. ఆ పిల్ల నవ్వి, "ఒకే చెట్టు కల్లు రెండు కుండల్లో పోస్తే రెండు రకాలయిద్దా? రోజూ రెండింతలు మింగావు, దానిమీద కల్లు. బీపీ పాతాళానికి దిగక ఏం చేసుద్ది?" అంది. మహానుభావుడు అప్పుడు రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

లోపల డాక్టరమ్మ చూసి, ఒక్కటే వేసుకో, తెల్లదైనా ఏం తక్కువ కాదు, నీళ్ళతో మింగు, వారం దాకా చెట్టు జోలికి పోవద్దంది. వారం తరవాత మళ్ళీ చూసి సరేనంది. ఆ రోజు ఆయన చెట్టెక్కుతుంటే కింద పేరమ్మ ఊపిరి బిగబట్టి నిలబడిందంట. పైనించి "ఏమే, కళ్ళు తిరగట్లేదే!" అని కేకేశాడు చూడు, అప్పుడు నేలమీద కూలబడి నవ్విందంట ఆమె.

మీరూ నవ్వుతున్నారు గానీ, ఇంటికి పోయి మీ మందుల సంచులు చూసుకోండర్రా. నేనా? నిన్ననే తీసుకెళ్ళి షాహీనాకి చూపించొచ్చా. నావి రెండు కాదు, మూడు ఒకటేనంట.