నల్లులు లేని గది

మళ్ళీ అదే మాట! "ప్రాట్లీ పిల్ల మనసు బంగారం" అని ఇందాక పాలవాడితో కూడా అన్నారు కదూ? మెట్ల మీంచి విన్నాను. అనకండి అమ్మగారూ. మీకు పుణ్యముంటుంది, ఇంకెవరితోనూ అనకండి.

కూచోను లెండి. మీరు చారు కలుపుతూనే ఉండండి. నా వైపు తిరిగితే చెప్పలేను.

లాటీకేనా ఆ చారు? నిన్నటిది ఇమిడిందా? ఊఁ... నాకు తెలుసు. మా రెండు గదులకీ మధ్య ఉన్నది పలచటి గోడేగా. పొద్దున కడుపులో ఉన్నదంతా కక్కుకుని, "మిస్ ప్రాట్లీని లేపేశానా అమ్మా?" అని అడిగింది. తొమ్మిదేళ్ళ పిల్ల! దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

నేనెవరో ముందు చెప్పాలి. నవ్వకండి. బాత్ ఊరి నుంచి వచ్చాను, బొమ్మలు గీస్తాను అన్నాను కదా. బొమ్మలవరకే నిజం. మీ తరవాత రెండొందల ఏళ్ళకి పుట్టబోయేదాన్ని నేను.

జ్వరమా? చూడండి, నుదురు పట్టుకు చూడండి. చల్లగానే ఉంది కదా?

మా కాలంలో ఒక బొమ్మల వారపత్రిక ఉంది. కాలంలో వెనక్కి నడిచి మీ లండన్‌కి వచ్చినవాళ్ళ కథ. గడులు గడులుగా బొమ్మలు, మనుషుల నోటి పక్కన బుడగల్లో మాటలు. చిన్నప్పుడు అన్నం కూడా మానేసి చదివేదాన్ని. గాసు దీపాలు, పొగమంచులో గుర్రబ్బళ్ళు, టోపీ తీసి వంగే పెద్దమనుషులు! అక్కడ పుట్టాల్సినదాన్ని, పొరపాటున ఇక్కడ పడ్డాను అనుకునేదాన్ని. పిచ్చిది!

పెద్దయ్యాక ఆ బొమ్మలు గీసే పని నాకే దొరికింది. మా పత్రికవాళ్ళకి రెండే పట్టింపులు. కళ్ళారా చూడంది గీయకూడదు. అక్కడ జరిగేదాన్ని మార్చకూడదు. అందుకే కాలం దాటే బండి ఇచ్చి పంపుతారు. మా అన్నయ్య అని చెప్పానే, బార్నబీ... అన్నయ్యా కాదు, పాడూ కాదు. బండి తోలే మనిషి. మీ బొగ్గుల కొట్లో అతను దాచింది సామాన్ల పెట్టె కాదు.

నమ్మరు. నమ్మకపోయినా పరవాలేదు. ఈ ఒక్కటీ వినండి.

నేను మీ ఇంట్లో అద్దెకి దిగిన రోజు ఆ పెద్ద గది చూపించారు, గుర్తుందా? గోడ నిండా పచ్చటి ద్రాక్షతీగల కాగితం. మీ ఆయన పోయే ముందు తన చేత్తో అంటించింది. మీరు నడుం మీద చెయ్యేసుకుని, "క్లర్కెన్‌వెల్ అంతా వెతుకు పిల్లా, నల్లులు లేని గది టాప్‌స్కాట్ ఇంట్లోనే ఉంది. ఒక్క నల్లి చూపిస్తే నా నెత్తి మీది ఈ బోనెట్టు నమిలి మింగుతాను" అన్నారు. అందరం నవ్వాం.

నా నవ్వు మధ్యలో ఆగిపోయింది. మీరు చూడలేదు.

ఆ పచ్చరంగులో పాషాణం కలుపుతారమ్మగారూ. మా కాలంలో బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. గోడ చెమ్మెక్కితే అది గాలిలో కలుస్తుంది. నల్లులు లేవన్నారే, అవి లేకపోవడం కాదు. చచ్చాయి.

అప్పుడే చెప్పొచ్చుగా? నోటిదాకా వచ్చింది. బార్నబీ నా మోచెయ్యి నొక్కాడు. సరే, చెప్పకూడదు. ఇంకో ఇల్లు చూసుకోవచ్చుగా? చూసుకోలేదు. మీ వీధి కిటికీ ముందు గాసు దీపం ఉంది చూశారూ, ఆ వంకీల స్తంభం, అచ్చం నా చిన్నప్పటి బొమ్మలోదే. దాన్ని చూసి కరిగిపోయాను. దీపం కోసం! "పెద్ద గది పాపకివ్వండి, నాకు వీధి వైపు చిన్నది చాలు" అన్నాను.

లాటీ గెంతులేసింది. నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. మీరు ఏప్రన్‌తో కళ్ళొత్తుకుని, అదిగో, ఆ మాటన్నారు. బంగారం!

ఇంకా ఉంది. ఆ వారం బార్నబీ చేత మా వాళ్ళకి పంపిన పేజీలో అదే గీశాను. పిల్లకి గది వదిలిచ్చే దయగల అమ్మాయి. నా ముఖమే వేసుకున్నాను, కాస్త అందంగా. మీ మాట బుడగలో రాశాను. చదివినవాళ్ళు ఏడుస్తూ ఉత్తరాలు రాశారట. ఆరు వారాలు, అమ్మగారూ! అవతల పిల్ల వాడిపోతుంటే ఇవతల నేను దాని రిబ్బన్లకి నీడలు దిద్దుకుంటూ కూచున్నాను.

మొన్న చివరి పేజీకి కథ పంపారు. చర్చిలోని చావుల పుస్తకం చూసే రాస్తారు వాళ్ళు. నవంబరు పద్నాలుగు. ఆ రోజు చూసి దిద్దుకుందామని ముందే గీసుకున్న చిత్తు ఇదిగో, చూడండి. మీ గుమ్మమే. నల్లగుడ్డ. చిన్న శవపేటిక. దాని మీద పేరు మాత్రం రాయలేదు.

ఎవరిదని అడక్కండి.

ఇవాళ మూడో తారీఖే. కొట్టండి, ఆ గరిటెతోనే కొట్టండి, కానీ తరవాత! ముందు పిల్లని ఎత్తుకురండి. కిటికీలు తీయొద్దన్నది డాక్టరేగా? ఆయనకేం తెలుసు! నా పక్క మీద పడుకోబెట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తీయండి. వెళ్ళండి!

గోడ కాగితం ఇప్పుడే పీకకండీ! దుమ్ము లేస్తుంది! ముందు పిల్ల!

...పడుకుందా? నా దిండు పెట్టారా? మంచిది.

అదా? బొగ్గు జారిన చప్పుడు కాదు. బార్నబీ వెళ్ళిపోయాడు. గోడకి చెవి ఆనించి అంతా వినే ఉంటాడు. నోరు జారినవాళ్ళని ఆ బండి ఎక్కించుకోదు. పోనివ్వండి.

బతుకుతుందా అంటే ఏం చెప్పను? ఇక్కణ్ణించి కథ నేనూ చదవలేదు.

నన్ను వెళ్ళగొట్టినా తప్పులేదు. ఉండమంటారా? ఎందుకమ్మగారూ... సరే. ఈ పొయ్యి పక్కనే పడుకుంటాను. నల్లులా? ఉండనివ్వండి. అవి బతికేచోట మనిషి కూడా బతకొచ్చు.